"మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని స్క్రీన్ మీద వస్తే ఏం చేయాలి?

వనపర్తి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. రిటైరైన వాళ్ల బాపు ల్యాప్‌టాప్‌లో పాత నాటకాల పద్యాలు వెతుకుతుంటే స్క్రీనంతా ఒక్కసారిగా నీలం, ఎరుపు డబ్బాలతో నిండిపోయింది. సైరన్ మోగడం మొదలైంది. "ట్రోజన్ స్పైవేర్ దొరికింది, కంప్యూటర్ ఆపొద్దు, వెంటనే మైక్రోసాఫ్ట్ సపోర్టుకు ఫోన్ చేయండి" అని ఇంగ్లీషులో ఒక ఆడగొంతు, కింద ఒక నంబరు. ఏది నొక్కినా మూసుకోలేదు. ఆయన ఫోన్ చేశారు. అవతలివాడు హిందీలో మాట్లాడి ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపే యాప్) వేయించి, అందులో కనిపించే నంబరు చదివించుకున్నాడు. అంతలో కొడుకు ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ మూసేశాడు. డబ్బు పోయినట్టు లేదు. నిజంగా వైరస్ ఉందా, ఇప్పుడేం చేయాలి, ఫార్మాట్ కొట్టించాలా, మళ్లీ వస్తే ఎలా గుర్తుపట్టాలి అన్నవి ఆ తమ్ముడి ప్రశ్నలు.

ఆ హెచ్చరిక పచ్చి అబద్ధం. అది వైరస్ కాదు, మైక్రోసాఫ్ట్ పంపిందీ కాదు. అది ఒక వెబ్ పేజీ. పేజీ మూసేసి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. మీ బాపు ఫోన్ చేసి, యాప్ వేసి, నంబరు చెప్పారు కాబట్టి మీకు ఇంకా పని ఉంది. ల్యాప్‌టాప్‌కు వైఫై ఆపేయండి. దాన్ని మళ్లీ తెరిచి బ్యాంకు పని ఏదీ చేయకండి. వేరే ఫోన్ నుంచి, అంటే ఆరోజు వాడని ఫోన్ నుంచి, ముందు బాపు ఈమెయిల్ పాస్‌వర్డు, తర్వాత నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు మార్చండి. ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి "నా కంప్యూటర్‌ను ఎవరో రిమోట్‌లో తీసుకున్నారు, నెట్ బ్యాంకింగ్ తాత్కాలికంగా ఆపండి" అని చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఈ పనులు ఈరోజే కావాలి. మిగతావి రేపు తీరిగ్గా చేయొచ్చు.

నేను నల్లగొండలో కంప్యూటర్ సర్వీస్ షాపు నడుపుతాను. ఈ కేసు రాని నెల లేదు. వచ్చేవాళ్లలో టీచర్లు, రైస్ మిల్లు గుమస్తాలు, ఆన్‌లైన్ సెంటర్ల పిల్లలు, అమెరికాలో ఉన్న బిడ్డతో వీడియో కాల్ కోసం మాత్రమే ల్యాప్‌టాప్ తెరిచే అమ్మలు, అందరూ ఉంటారు. చదువు లేనివాళ్లే పడతారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. భయపడ్డవాళ్లు పడతారు. ఆ పేజీని తయారు చేసేదే మనిషిని భయపెట్టడానికి.

స్క్రీన్ ఎందుకు మూసుకోదు?

ఇది అర్థమైతే సగం భయం పోతుంది. మనం సినిమా డౌన్‌లోడ్ సైటులోనో, అక్షరం తప్పు పడిన అడ్రసులోనో, ఒక్కోసారి మంచి సైటులో వచ్చిన యాడ్ మీదో నొక్కుతాం. అది ఈ పేజీకి తీసుకొస్తుంది. పేజీలో ఎక్కడ నొక్కినా బ్రౌజర్ ఫుల్ స్క్రీన్‌లోకి పోతుంది. యూట్యూబ్ వీడియో పెద్దది చేసినప్పుడు జరిగేది కూడా ఇదే. అప్పుడు పైన అడ్రస్ బార్, క్లోజ్ గుర్తు, కింద టాస్క్‌బార్ మాయమైపోతాయి. వాటి స్థానంలో కనిపించే విండోలు, స్కాన్ అవుతున్నట్టు పాకే గీత, "క్యాన్సిల్" బటన్, అన్నీ ఉత్త బొమ్మలు. బొమ్మలోని క్యాన్సిల్ నొక్కితే ఏముంది, ఏమీ జరగదు. కొన్ని పేజీలు మౌస్ బాణాన్ని కూడా దాచేస్తాయి. దాంతో "హ్యాంగ్ అయింది" అనుకుంటాం.

ఒక వెబ్ పేజీకి మీ హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లను స్కాన్ చేసే శక్తి లేదు. బ్రౌజర్ దాన్ని అంత లోపలికి రానివ్వదు. అందుకే "మీ కంప్యూటర్‌లో ఇన్ని వైరస్‌లు దొరికాయి" అని పేజీ చెప్పిందంటే, చూడకుండానే చెప్పిందని అర్థం. పేజీలో మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు), ఊరు పేరు వేసి "మేం మిమ్మల్ని గుర్తించాం" అన్నట్టు చూపిస్తారు. మనం తెరిచే ప్రతి సైటుకూ ఐపీ తెలుస్తుంది. దాన్ని బట్టి ఊరు అంచనా వేస్తారు. మన దగ్గర చాలాసార్లు అది హైదరాబాద్ అనే చూపిస్తుంది. నల్లగొండ రామగిరిలో కూర్చున్న మనిషికి హైదరాబాద్ అని వస్తే, అక్కడే అనుమానం రావాలి.

మూసే పద్ధతి. ముందు ఎస్కేప్ కీ నొక్కి, వదలకుండా కొన్ని క్షణాలు పట్టుకోండి. ఫుల్ స్క్రీన్ పోయి పైన అడ్రస్ బార్ కనిపిస్తుంది. అప్పుడు ట్యాబ్ మూసేయండి. పోకపోతే ఎఫ్11, అదీ కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అయినా మొండికేస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఎంచుకుని "ఎండ్ టాస్క్" కొట్టండి. ఏదీ గుర్తురాకపోతే పవర్ బటన్‌ను ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోండి. "కంప్యూటర్ ఆపొద్దు, ఆపితే డేటా పోతుంది" అని ఆ గొంతు చెప్పేది, ఆపితే వాళ్ల ఆట అయిపోతుంది కాబట్టే. అయితే ఒకటి చూసుకోవాలి. బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు తిరిగి తెరవాలా" అని అడుగుతుంది. వద్దనండి. అవునంటే అదే పేజీ మళ్లీ సైరన్‌తో వస్తుంది, "చూశావా, నిజంగానే వైరస్ ఉంది" అనిపిస్తుంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు అకౌంటెంటుకు సాయంత్రం లెక్కలు కట్టే వేళ ఇదే వచ్చింది. మిల్లు టాలీ డేటా అంతా ఆ మెషిన్లోనే. చేతులు వణుకుతున్నాయి అన్నాడు. కానీ స్క్రీన్ మీది నంబరుకు చేయకుండా నాకు చేశాడు. ముందు సౌండ్ మ్యూట్ చేయమన్నాను, తర్వాత ఎస్కేప్ పట్టుకోమన్నాను. నిమిషంలో పోయింది. టాలీ డేటాకు ఏమీ కాలేదు. ఇక్కడ సౌండ్ ఆపడం చిన్న విషయం అనుకోకండి. ఆ సైరన్ ఆగగానే మనిషి బుర్ర మామూలుగా పనిచేయడం మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఏ షార్ట్‌కట్టూ నేర్పలేకపోయినా మ్యూట్ బటన్ ఎక్కడుందో, పవర్ బటన్ ఎంతసేపు పట్టుకోవాలో నేర్పండి.

నకిలీని గుర్తుపట్టడానికి అన్నిటికన్నా గట్టి గుర్తు ఫోన్ నంబరు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎర్రర్, వార్నింగ్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఆ సంస్థే ఈ మాట బహిరంగంగా చెప్పింది. నంబరు కనిపించిందా, నకిలీ. ఇంకేం ఆలోచించక్కర్లేదు. విండోస్‌లోనే ఉండే అసలు యాంటీవైరస్ డిఫెండర్ నిజంగా ఏదైనా పట్టుకుంటే కింద కుడి మూలన చిన్న నోటిఫికేషన్ ఇస్తుంది. అరవదు, డబ్బు అడగదు. అనుమానం ఉంటే స్టార్ట్ మెనూలో "విండోస్ సెక్యూరిటీ" అని టైప్ చేసి తెరవండి. అందులో "ప్రొటెక్షన్ హిస్టరీ" చూస్తే నిజంగా ఏమైనా దొరికిందా లేదా తెలిసిపోతుంది.

అసలు బ్లూ స్క్రీన్ సంగతి కూడా చెప్పాలి, చాలామంది దీంతో కలగలుపుతారు. విండోస్ నిజంగా క్రాష్ అయితే వచ్చే నీలం స్క్రీన్ మీద స్టాప్ కోడ్, అంటే ఎందుకు ఆగిందో చెప్పే కోడ్ ఉంటుంది, కాసేపటికి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. విండోస్ 11 కొత్త అప్‌డేట్లలో ఇది నలుపు రంగులోకి మారింది. దాని మీదా ఫోన్ నంబరు ఉండదు, శబ్దమూ రాదు. బ్రౌజర్‌తో దానికి సంబంధం లేదు.

అడ్రస్ బార్ చూసి తేల్చుకుందాం అనుకునేవాళ్లు జాగ్రత్త. ఈ మోసగాళ్లు మైక్రోసాఫ్ట్ వాళ్లే అద్దెకిచ్చే క్లౌడ్ సర్వర్లలో పేజీ పెడుతున్నారు. అప్పుడు అడ్రస్ చివర "విండోస్ డాట్ నెట్" అని వస్తుంది, తాళం గుర్తు కూడా ఉంటుంది. కొంచెం తెలిసినవాళ్లే దీంతో మోసపోతారు. ఆ తాళం, దారిలో ఎవరూ మీ డేటా చూడరని మాత్రమే చెప్తుంది. అవతల ఉన్నది మంచివాడని చెప్పదు.

నిజమైన ప్రమాదం ఉండే సందర్భం ఒకటుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాక, బ్రౌజర్ తెరవకముందే అలాంటి స్క్రీన్ వస్తుంటే, లేదా మీ ఫైళ్ల పేర్ల చివర ఎప్పుడూ చూడని అక్షరాలు చేరి అవి తెరుచుకోకుండా ఉంటే, అది వెబ్ పేజీ కాదు, లోపల ఏదో కూర్చుంది. ఫైళ్లు అలా మారితే అది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. వెంటనే నెట్ తీసేసి, పెన్‌డ్రైవ్‌లు, బ్యాకప్ డిస్క్ పెట్టకుండా తెలిసినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. ఇలాంటివి నా దగ్గరికి చాలా అరుదుగా వస్తాయి.

ఫోన్ చేస్తే వాళ్లు ఏం చూపిస్తారు?

కంప్యూటర్ గురించి తెలిసినట్టు నమ్మించడానికి వాళ్ల దగ్గర కొన్ని పాత ఎత్తులున్నాయి. విండోస్ తన లోపల జరిగేవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిపించి ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు చూపిస్తారు. అవి ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ ఉంటాయి, నిన్న కొన్న మెషిన్లో కూడా. నల్ల కమాండ్ విండోలో "నెట్‌స్టాట్" కొట్టించి "ఫారిన్ అడ్రస్" అని కనిపించే వరుస చూపించి "విదేశాల నుంచి హ్యాకర్లు కనెక్టయ్యారు" అంటారు. అక్కడ ఫారిన్ అంటే అవతలి కంప్యూటర్ అని మాత్రమే. ఇంకొకటి, "అసోక్" అనే కమాండ్. అది కొడితే పొడుగాటి జాబితా వచ్చి చివరి వరుసల్లో ట్రిపుల్ ఎయిట్ డీసీఏ సిక్స్టీతో మొదలయ్యే పెద్ద నంబరొకటి కనిపిస్తుంది. "ఇది మీ కంప్యూటర్ లైసెన్స్ ఐడీ, మా దగ్గరా ఇదే ఉంది చూడండి, కాబట్టి మేం మైక్రోసాఫ్టే" అంటారు. ఆ నంబరు ప్రపంచంలో ఉన్న విండోస్ కంప్యూటర్లన్నింటిలో ఒకటే. నా షాపుకొచ్చిన వాళ్లకు పక్క మెషిన్లో కొట్టి చూపిస్తాను. రెండు స్క్రీన్ల మీదా అదే నంబరు చూశాక వాళ్ల ముఖంలో మొదటిసారి కోపం వస్తుంది. అప్పటిదాకా ఉన్నది తలవంపు. ఆ కోపం రావడం మంచిది.

తర్వాత రిమోట్ యాప్. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ లాంటివి మంచి సాఫ్ట్‌వేర్లే, నేనూ వాడతాను. వాటిలో కనిపించే నంబరు చెప్పి, "యాక్సెప్ట్" నొక్కడం అంటే ఇంటి తాళంచెవి చేతిలో పెట్టడమే. లోపలికొచ్చాక స్క్రీన్ నల్లగా చేసి "స్కాన్ నడుస్తోంది, ముట్టుకోకండి" అంటారు. ఆ నలుపు వెనక క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, మెయిల్, బ్యాంకు పేజీ చూసుకుంటారు.

ఈ కాల్ సెంటర్లు చాలావరకు మన దేశంలోవే అని చెప్పడానికి బాధగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద 2023 అక్టోబర్‌లో సీబీఐ "ఆపరేషన్ చక్ర 2" పేరుతో పలు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. అందులో ఈ తరహా నకిలీ టెక్ సపోర్ట్ కాల్ సెంటర్లూ ఉన్నాయి. ఎక్కువగా విదేశాల్లోని పెద్దవాళ్లను దోచుకునేవారు. మన జిల్లాల నుంచి కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు ఎంతమంది! పిల్లలు ఆఫీసుకు పోయాక ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది వాళ్లే. అక్కడ ఈ పేజీ వస్తే అవతలివాడు హిందీలోనో, ఒక్కోసారి తెలుగులోనో మాట్లాడేసరికి "మనవాడే" అని నమ్మేస్తారు. ప్రయాణానికి ముందు ఈ విషయం కూడా చెప్పి పంపండి.

పేజీ రాకుండా కూడా ఇదే మోసం జరుగుతుంది

దేవరకొండ వైపు ఒక ఆన్‌లైన్ సెంటర్. దరఖాస్తుకు చివరి తేదీ, బయట పిల్లలు లైన్లో ఉన్నారు, కొత్త ప్రింటర్ పనిచేయడం లేదు. నిర్వాహకుడు గూగుల్లో ఆ ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వెతికి పైన వచ్చిన యాడ్ నొక్కాడు. సైటు అచ్చం కంపెనీదిలాగే ఉంది. మోడల్ నంబరు కొట్టగానే గీత ముక్కాలు వంతు పాకి "ఇన్‌స్టాలేషన్ ఫెయిల్ అయింది" అని ఆగింది, పక్కన చాట్ విండో తెరుచుకుంది. చాట్ మనిషి రిమోట్‌లోకి వచ్చి "మీ నెట్‌వర్క్‌లో వైరస్ ఉంది, మూడేళ్ల ప్లాన్ తీసుకోవాలి" అన్నాడు. తొందరలో ఉన్న మనిషి యూపీఐలో కట్టేశాడు. ఆ సైటులో అసలు డ్రైవరే లేదు. ఎవరు ఏ మోడల్ కొట్టినా అక్కడికే వచ్చి ఆగుతుంది. డ్రైవర్ కావాలంటే ప్రింటర్ డబ్బా మీదున్న అడ్రస్‌ను చేత్తో టైప్ చేయండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతికి పైన కనిపించినదానికి చేయకండి. బ్యాంకుకు, గ్యాస్‌కు, కొరియర్‌కు కూడా ఇదే మాట.

షాపుకు ఎక్కువగా వచ్చే రకం ఇంకొకటి: "మెకాఫీ గడువు ముగిసింది, 5 వైరస్‌లు దొరికాయి" అని కుడి మూలన గంటకోసారి వచ్చే డబ్బా. షాపుకొచ్చినవాళ్లు ఆ యాంటీవైరస్ ఎప్పుడూ వేసుకోలేదు. ఎప్పుడో ఒక సైటులో "మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి" అంటే నొక్కారు. దాంతో ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్లన్నీ తీసేయండి. దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. ఫోన్లో వచ్చే "మీ బ్యాటరీ పాడైంది, వైరస్ క్లీనర్ వేయండి" కూడా ఇదే జాతి. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్లో యాప్ వేసే ఫైళ్లు) మాత్రం ఇంతకన్నా ప్రమాదం. అవి నిజంగానే లోపల కూర్చుని ఓటీపీ మెసేజ్‌లు చదువుతాయి. అలాంటిది వేసి ఉంటే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

డబ్బు పోయి ఉంటే

ఇక్కడ ఒక రిటైర్డ్ టీచర్ సంగతి చెప్పాలి. ఊరు చెప్పను. ఆయనకు మెయిల్లో ఒక బిల్లు వచ్చింది, యాంటీవైరస్ రెన్యువల్ కింద అకౌంట్ నుంచి పాతిక వేలు కట్ అవుతాయి, వద్దంటే ఈ నంబరుకు చేయండి అని. చేశారు. రీఫండ్ ఇస్తామని రిమోట్‌లోకి వచ్చి, ఆయన బ్యాంకు పేజీ తెరిపించి, స్క్రీన్ నల్లగా చేశారు. మళ్లీ కనిపించేసరికి అకౌంట్‌లో రెండున్నర లక్షలు జమ అయినట్టుంది. "సార్, పొరపాటున ఒక సున్నా ఎక్కువ పడింది, నా ఉద్యోగం పోతుంది, మిగతాది తిరిగి పంపండి" అని అవతలివాడు ఏడ్చాడు. అసలు ఏమీ జమ కాలేదు. బ్రౌజర్లో కనిపించే అంకెను మార్చడం ఎవరికైనా అర నిమిషం పని. ఆ మార్పు ఆ స్క్రీన్ మీదే ఉంటుంది, బ్యాంకులో ఉండదు. ఆయన ఒక పిల్లవాడి ఉద్యోగం పోకూడదని తన సొంత డబ్బు పంపారు. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పిన మనిషి మంచితనాన్ని పట్టుకుని దోచారు. ఆయన ఈ సంగతి ఇంట్లో వారం పైగా దాచారు. కొడుకులు ఏమంటారో అని. నా దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బు ఎన్ని అకౌంట్లు మారిందో!

అందుకే చెప్తున్నా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడానికి మొదటి గంట చాలా విలువైనది. ఆ నంబరుకు చెప్పగానే పోలీసులు, బ్యాంకులు కలిసి పనిచేసే వ్యవస్థ ద్వారా డబ్బు ఏ అకౌంట్‌కు పోయిందో అక్కడ దాన్ని ఆపడానికి ప్రయత్నిస్తారు. ఇంకో అకౌంట్‌లోకి మారకముందే, ఏటీఎంలో తీయకముందే చెప్తేనే ఆపగలరు. ఫోన్ చేసేటప్పుడు మీ అకౌంట్ నంబరు, పోయిన మొత్తం, సమయం, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, వాళ్ల ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో ఫిర్యాదు పూర్తి చేయాలి. నెట్ చేతకాకపోతే మీ పోలీస్ స్టేషన్‌కే వెళ్లండి. హైదరాబాద్‌లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. ఆపిన డబ్బును లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పని కూడా రాష్ట్రంలో జరుగుతోంది. అది జరగాలంటే ముందు డబ్బు ఎక్కడో ఒకచోట ఆగి ఉండాలి.

బ్యాంకుకు వేరుగా చెప్పాలి, రాతపూర్వకంగా చెప్పాలి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మనది గానీ బ్యాంకుది గానీ కాకుండా మూడో మనిషి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పని దినాల్లో చెప్తే నష్టం మన మీద పడదు. కానీ ఈ రకం మోసంలో "మీరే ఓటీపీ చెప్పారు, మీరే పంపారు" అని బ్యాంకు అంటుంది. అలా మన నిర్లక్ష్యం ఉన్నా సరే, మనం చెప్పిన తర్వాత జరిగే లావాదేవీల నష్టం బ్యాంకుదే. కాబట్టి చెప్పిన తేదీ, సమయం, ఫిర్యాదు నంబరు కాగితం మీద ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు.

డబ్బు పోయినవాళ్లకు కొన్నాళ్లకు ఇంకో ఫోన్ వస్తుంది: "మీ కేసు మా దగ్గరుంది, కొంత ఫీజు కడితే మొత్తం ఇప్పిస్తాం" అని. లేదా "మీ కంప్యూటర్లో అశ్లీల వీడియోలు దొరికాయి, సీబీఐకి కలుపుతున్నాం, వీడియో కాల్‌లోనే ఉండండి" అని. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. ఫోన్ పెట్టేయండి.

మీ ల్యాప్‌టాప్ సంగతి

మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చాక, మెయిల్ సెట్టింగ్స్‌లో మీకు తెలియని ఫార్వార్డింగ్ అడ్రస్ గానీ, రికవరీ నంబరు గానీ చేరిందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, బాపు ఫోన్లో లింక్డ్ డివైసెస్‌కు వెళ్లి అన్నీ లాగౌట్ చేయండి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

నెట్ లేకుండానే సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీ వరుసలో పెట్టండి. ఆరోజు వచ్చినవన్నీ కనిపిస్తాయి. వీళ్లు ఒకటి కనిపించేలా, ఇంకొకటి చాటుగా, రెండు రిమోట్ యాప్‌లు వేసే అలవాటుంది. కనిపించేది తీసేసి ఊరుకుంటే రెండోది మిగిలిపోతుంది. అయితే ఎనీడెస్క్ తీసేసేముందు ఒక ఫైలు చూడండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే రన్ డబ్బా వస్తుంది. అందులో ముందూ వెనకా శాతం గుర్తులతో "యాప్‌డేటా" అని కొట్టండి. తెరుచుకున్న చోట ఎనీడెస్క్ ఫోల్డర్లో "కనెక్షన్ ట్రేస్" అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అక్కడ లేకపోతే అలాగే "ప్రోగ్రామ్‌డేటా" కొట్టి చూడండి. బయటి నుంచి ఎవరు, ఏ రోజు, ఏ సమయానికి లోపలికి వచ్చారో అందులో రాసి ఉంటుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు పనికొస్తుంది. ఒక్క వరుస కూడా లేకపోతే, అవతలివాడు లోపలికి రాకముందే మీరు మూసేశారని చాలావరకు నమ్మొచ్చు.

ఫార్మాట్ అవసరమా అన్నారు. పేజీ మాత్రమే వచ్చి ఫోన్ చేయని వాళ్లకు అస్సలు అవసరం లేదు. అలాంటి మెషిన్‌కు ఎవరైనా ఫార్మాట్ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి. మీ విషయంలో ఆ ఫైల్లో ఏమీ లేకపోతే, యాప్ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి పావుగంట దాకా పడుతుంది. అది చాలు. కనెక్షన్ నిజంగా జరిగి, కొన్ని నిమిషాలైనా నడిచి ఉంటే, ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ప్రోగ్రాములు ఏవీ తీసుకోకుండా, సిస్టమ్ సెట్టింగ్స్‌లోని రికవరీలో "రీసెట్ దిస్ పీసీ" చేసి అన్నీ తుడిచేయండి. బ్యాంకు పని చేసే మెషిన్‌లో అనుమానం మిగల్చకూడదు.

బాపును మాత్రం ఏమీ అనకండి. జరిగింది జరిగినట్టు మీకు చెప్పారు కాబట్టే ఇవాళ డబ్బు అకౌంట్‌లో ఉంది. ఆ ఫైల్లో ఏం కనిపించిందో, కనెక్షన్ ఎంతసేపు ఉందో ఇక్కడ రాయండి. అకౌంట్ నంబర్లు, ఫోన్ నంబర్లు రాయకండి. చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.